ఖాళీగా రావలసిన డబ్బా

“తాడు కట్టనంటే కట్టను. ఇక ఆ మాట ఎత్తకు,” అన్నాడు మా ఆయన క్లెమ్, టోస్టు మీద మార్మలేడు పూసుకుంటూ.

ఈ గొడవ ముందురోజు సాయంత్రం టీ దగ్గర మొదలైంది. తెల్లారినా తెగలేదు.

“గజం తాడు. ఒక కొస బిరడాకి, ఇంకో కొస పడవకి. నేనేమైనా ఓడ కొనమన్నానా?” అన్నాను.

“చంటిపిల్లల చేతి తొడుగులు పోకుండా కోటు చేతుల్లోంచి తాడు వేసి కడతారే, అలాగా? పాలసీసా కూడా మెడలో కట్టెయ్ మరి.”

మా అమ్మాయి హిలరీ పకపకా నవ్వింది. వారాంతానికని భర్తనీ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఇద్దరూ ఇంకా నిద్ర లేవలేదు.

“వదిలెయ్యమ్మా. బిరడా మర్చిపోనివాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? పోయినేడు మన పాదిరీ గారే మర్చిపోయారుగా. ఆయనకి లేని సిగ్గు నాన్నకెందుకు?”

హిలరీ అన్నది నిజమే. మా పడవ పేరు పెగ్గీ, పన్నెండడుగులది. ఒడ్డున పెట్టినప్పుడు వాననీళ్ళు కారిపోవడానికి దాని వెనక భాగంలో అడుగున ఒక కన్నం ఉంటుంది. నీళ్ళలోకి తోసేముందు ఆ కన్నానికి రబ్బరు బిరడా బిగించాలి. ఒక్కసారైనా అది మర్చిపోనివాళ్ళు మా నది మీద లేరు. మర్చిపోయినవాళ్ళు ఆ సాయంత్రం బిరడాని దారానికి గుచ్చి మెడలో వేసుకుని, పడవల క్లబ్బులో ఉన్నవాళ్ళందరికీ బీరు పోయించాలి. ఇది మా తాతల నాటి ఆచారం. కిందటి ఆదివారం క్లెమ్ మెడలో వేలాడింది. పద్నాలుగు మందికి బీరు పోయించి, మేయరు హారం వేసుకున్నవాడిలా ఛాతీ విరిచి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కానీ అంతకుముందు ఏం జరిగిందో నేను ఒడ్డున నిలబడి చూశాను. పడవ ఇరవై గజాలు పోయేసరికి క్లెమ్ పిక్కల దాకా నీళ్ళొచ్చాయి. అతను వంగి ఆ కన్నం వైపు చూశాడు. నీళ్ళు బుగబుగా లోపలికి వస్తుంటే చూస్తూనే ఉండిపోయాడు. కంగారు లేదు, విసుగు లేదు. అదేమిటో, ఎందుకుందో తెలియనివాడిలా చూశాడు. పక్క పడవలోంచి ఎవరో “బిరడా! ఒరేయ్ క్లెమ్, బిరడా!” అని అరిచాక గానీ కదలలేదు.

మార్చి నుంచి ఇలాగే ఉంది. పాటల బృందంలో మగగొంతుల వరసలో నిలబడి, అందరూ మూడో చరణంలోకి వెళ్తే తను రెండోదే మళ్ళీ పాడాడు. మా చెల్లెలి ఇంటికి పాతికేళ్ళుగా వెళ్తున్న దారిలో బండి ఆపి, ఎటు తిప్పాలని అడిగాడు. ఇవన్నీ నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ఏమైనా అడిగితే క్లెమ్ తడబడేలోపే జవాబు నేనే చెప్పేసేదాన్ని. క్యాలెండరు మీద అతని పనులు పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. బయటపడితే ఏం పోతుందో నాకు తెలుసు. పదహారో ఏట ఇళ్ళు వెచ్చబెట్టే బాయిలర్ల పని నేర్చుకోవడానికి చేరాడు, ఇప్పుడు అరవై మూడు. గ్యాసు పనికి అనుమతి ఇచ్చే కార్డు చొక్కా జేబులో లేకుండా ఇల్లు దాటిన రోజు లేదు. ఊళ్ళో సగం ఇళ్ళ వేడి అతని చేతుల మీదే నడుస్తోంది.

పదకొండింటికి పోటు వస్తుందని పదిన్నరకే బయల్దేరాడు. శాండ్‌విచ్‌ల పొట్లం చంకలో పెట్టుకుని, నా నడినెత్తిన ముద్దు పెట్టాడు.

“ముసలిదానా, మూడున్నరకి వచ్చేస్తా. టీ పెట్టి ఉంచు.”

“బిరడా!” అన్నాను.

“పాలసీసా!” అన్నాడు తలుపు అవతలనుంచి.

హిలరీ గిన్నెలు తోముతూ, “అన్నట్టు అమ్మా, నువ్వు పెరట్లో ఉన్నప్పుడు అవిస్ గారు ఫోన్ చేశారు. ఇవాళ పాటల ప్రాక్టీసుకి రారట. పొద్దుట్నుంచీ తలనొప్పిట. నిన్న నాన్న బాయిలర్ బాగుచేసి వెళ్ళాక ఇల్లు ఎంత వెచ్చగా ఉందంటే కుర్చీలోంచి లేవబుద్ధి కావడం లేదట. నాన్నకి థాంక్స్ చెప్పమన్నారు,” అంది.

“మంచిదే,” అని పళ్ళాలు తుడిచి అల్మారాలో సర్దుకున్నాను.

రెండింటికి చర్చిలో ఆడగొంతుల వరకే ప్రాక్టీసు. వాన పట్టుకుంది. నా కోటు దండెం మీద తడిసి ముద్దయింది. తలుపు వెనక మేకుకి క్లెమ్ పని కోటు వేలాడుతుంటే అది తగిలించుకుని వెళ్ళాను.

చర్చిలో వేడి చాలక అందరం కోట్లతోనే నిలబడ్డాం. క్రిస్మస్‌కి ఇంకా రెండు నెలలుంది. మాకు పాట నేర్పే గాడ్‌ఫ్రీ గారు మాత్రం రేపే పండగన్నట్టు కంగారుపడతారు. ఆడవాళ్ళలో కింది గొంతుల వరస మాది. నా ఎడమపక్క కుర్చీ అవిస్ గారిది. ముప్పై ఏళ్ళుగా మేమిద్దరం పక్కపక్కనే. ఆవిడకిప్పుడు డెబ్భై ఎనిమిది. ఆవిడ ఆ కుర్చీ ఖాళీగా ఉంచడం నేను రెండుసార్లే చూశాను, రెండూ చావులకే.

“అవిస్ గారు లేకపోతే మీ వరసకి వెన్నెముక లేనట్టే. బెరిల్, ఇద్దరి పాటా నువ్వే పాడాలి,” అన్నారు గాడ్‌ఫ్రీ గారు.

“అయితే ఇద్దరి బిస్కెట్లూ నాకే,” అన్నాను.

అందరూ నవ్వారు. పాట మొదలైంది.

ఆ పాట చివర మా వరస ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టి ఉంచాలి. ఒక్క ఊపిరిలో ఎవరి వల్లా కాదు. అందుకని పక్కపక్కన ఉన్నవాళ్ళు ముందే ఒప్పందం చేసుకుంటాం. ఒకరు ఊపిరి తీసుకునేప్పుడు రెండోవాళ్ళు గట్టిగా పట్టుకుంటారు, తర్వాత వాళ్ళు తీసుకుంటే వీళ్ళు పట్టుకుంటారు. వినేవాళ్ళకి మధ్యలో ఎక్కడా తెగినట్టు తెలియదు. నా వంతు వచ్చి ఊపిరి తీసుకున్నాను. ఎడమపక్కనుంచి రావలసిన గొంతు రాలేదు. స్వరం తెగింది. గాడ్‌ఫ్రీ గారు చెయ్యెత్తి పాట ఆపేశారు.

గొంతు గరగరమంటుంటే చప్పరించే బిళ్ళ ఏమైనా ఉందేమోనని కోటు జేబులో చెయ్యి పెట్టాను. చల్లగా రేకు తగిలింది. పైకి తీశాను. నిశ్శబ్దంగా ఉన్న చర్చిలో అది గలగలమంది.

క్లెమ్ పొగాకు డబ్బా అది. అతని తండ్రిది. పనిలో చేరిన మొదటిరోజే మేస్త్రీ నేర్పాడట, విప్పిన ప్రతి స్క్రూ డబ్బాలో పడాలని, డబ్బా ఖాళీ అయితేనే పని అయినట్టని. నలభై ఏడేళ్ళుగా ప్రతి ఇంటి గడప దగ్గరా క్లెమ్ ఆ డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. చప్పుడు లేకపోతే “సరేనమ్మా, అయిపోయింది” అని మెట్లు దిగుతాడు. ఊళ్ళో పిల్లలు దాన్ని అనుకరించి ఆడుకుంటారు. ఆ డబ్బా చప్పుడు చేస్తూ ఇంటికి రావడం నా కాపురంలో నేనెప్పుడూ వినలేదు.

మూత తీశాను. నాలుగు స్క్రూలు. వాటి పక్కన, మడతపెట్టిన తెల్లటి పట్టీ, కొత్తది.

రాత్రి భోజనాల దగ్గర వినీ వినీ నాకూ ఆ పని తెలుసు. బాయిలర్ ముందుమూత చుట్టూ ఆ పట్టీ పెట్టి నాలుగు మూలలా స్క్రూలు బిగించాలి. అప్పుడే లోపలి పొగ గొట్టంలోంచి బయటికి పోతుంది. లేకపోతే ఇంట్లోకి వస్తుంది. ఆ పొగలోని విషానికి రంగు ఉండదు, వాసన ఉండదు. ముందు తలనొప్పి, తర్వాత నిద్ర.

కుర్చీలోంచి లేవబుద్ధి కావడం లేదట.

“బెరిల్, ఏమైంది? పాలిపోయావు,” అన్నారు గాడ్‌ఫ్రీ గారు.

“ఓవెన్ ఆపడం మర్చిపోయాను,” అన్నాను.

చర్చి వెనక గదిలో ఫోన్ ఉంది. పది అడుగుల దూరం. తీసి మూడు అంకెలు నొక్కితే అంబులెన్సు బయల్దేరేది. నేను ఆ గది ముందునుంచే పరుగెత్తాను, ఆగలేదు. కొండ దిగుతూ, వానలో జారుతూ నేను ఆలోచించింది అవిస్ గారి గురించి కాదు. ఎవరూ రాకముందే ఈ నాలుగు స్క్రూలూ బిగించడం నాకు చేతనవుతుందా అని.

రేవు సందులో ఆఖరి ఇల్లు ఆవిడది. కిటికీ అద్దాలకి లోపలివైపు ఆవిరి పట్టి ఉంది. తలుపు కొట్టాను. పిలిచాను. వంగి ఉత్తరాల కన్నంలోంచి చూస్తే హాల్లో దీపం వెలుగుతోంది, వెచ్చటి గాలి నా మొహానికి తగిలింది. వెనకవైపు వెళ్ళి వంటింటి తలుపు అద్దాన్ని మట్టికుండీతో పగలగొట్టి, చెయ్యి దూర్చి గడియ తీశాను.

గుమ్మంలో నిలబడి గుండెల నిండా ఊపిరి తీసుకుని, బిగబట్టి లోపలికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా నేర్చుకున్నది అదొక్కటే పనికొచ్చింది. గిన్నెలు తోమే తొట్టి కింద గ్యాసు మీట అడ్డంగా తిప్పాను. బాయిలర్ మూత పైకొక్కేనికి వేలాడుతోంది. నాలుగు మూలలా నాలుగు ఖాళీ కన్నాలు నన్నే చూస్తున్నాయి.

ముందుగదిలో అవిస్ గారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. ఒళ్ళో ఊలు. బుగ్గలు పడుచుపిల్లలకి ఉన్నంత ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు మంచిది కాదని కూడా క్లెమ్ చెప్పిందే. కుర్చీ కాళ్ళకి చక్రాలున్నాయి కాబట్టి సరిపోయింది. ఈడ్చాను. తివాచీ మడతపడి అడ్డొచ్చింది. ఊపిరి అయిపోయింది. బయటికి పరుగెత్తి, వానలో నోరు తెరిచి ఊపిరి తీసుకుని మళ్ళీ వెళ్ళాను. మూడోసారికి కుర్చీ పెరటి గడప దాటింది.

“అవిస్ గారూ! అవిస్ గారూ! కళ్ళు తెరవండి. తెరవండమ్మా!”

వాన ఆవిడ మొహం మీద పడుతోంది. కదలిక లేదు. చెయ్యి పట్టుకుంటే మెత్తటి గుడ్డలా జారిపోయింది. నా అరుపులకి గోడ అవతలినుంచి పక్కింటావిడ తొంగిచూసి, “అయ్యో దేవుడా!” అని ఫోన్ వైపు పరుగెత్తింది. నేను చెయ్యని పని ఆవిడ అడక్కుండానే చేసింది.

ఎంతసేపయిందో తెలియదు. అవిస్ గారు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి, పక్కకి వంగి డోక్కున్నారు. తర్వాత నా వైపు చూశారు. పగిలిన తలుపు వైపు చూశారు.

“బెరిల్, ఆ కుండీ మా అమ్మది,” అన్నారు మెల్లగా.

నేను పెద్దగా ఏడ్చేశాను.

అంబులెన్సులో వచ్చినతను ఆవిడ మొహానికి ఆక్సిజన్ తగిలిస్తూ, “ఈ మధ్య బాయిలర్ ఎవరైనా ముట్టుకున్నారా?” అని అడిగాడు.

“నాకు తెలీదు,” అన్నాను. జేబులో డబ్బాని అరచేత్తో గట్టిగా పట్టుకున్నాను, చప్పుడు కాకుండా.

ఆవిడ బతుకుతుందని వాళ్ళు చెప్పాక రేవుకి వెళ్ళాను. మూడున్నర అయింది. వాన ఆగి నది మీద పల్చగా మంచు దిగుతోంది. పెగ్గీ తెరచాప గోధుమరంగుది, దూరానికే తెలుస్తుంది. ఎక్కడా కనిపించలేదు. తెల్ల తెరచాపలు ఒక్కొక్కటే ఒడ్డుకి చేరాయి. “క్లెమ్ కనిపించాడా?” అని అడిగితే, “మలుపు దాకా మాతోనే ఉన్నాడు” అన్నారు. నాలుగు కావొచ్చింది. పోటు తీస్తోంది, ఒడ్డున బురద బయటపడుతోంది. పొద్దున బిరడా అని ఇంకోసారి గట్టిగా ఎందుకు చెప్పలేదు? నీళ్ళు లోపలికి వస్తుంటే అలాగే చూస్తూ కూర్చున్నాడేమో. ఇంటి దారి ఎటని అడగడానికి అక్కడ ఎవరున్నారు? గంట క్రితం అతన్ని ఎలా దాచాలా అని ఆలోచించినదాన్ని, ఇప్పుడు అతను కనిపిస్తే చాలని మొక్కుకుంటున్నాను.

మంచులోంచి గోధుమరంగు మచ్చ బయటపడింది.

క్లెమ్ పడవని తిన్నగా మెట్ల దగ్గరికి తెచ్చి ఆపాడు. చుక్కాని పట్టిన చేతిలో ఏ తడబాటూ లేదు. “టీ పెట్టమంటే ఇక్కడికొచ్చి నిలబడ్డావేం? అది నా కోటేనా?” అన్నాడు.

నేను పడవలోకి చూశాను. అడుగున వాన తడి తప్ప నీళ్ళు లేవు. కన్నంలో బిరడా బిగించి ఉంది. బిరడాకి నీలం తాడు. రెండో కొస పడవ కొక్కేనికి ముడివేసి ఉంది. ముడి కొత్తది కాదు, నాలుగైదు రోజులు నాని ఎండిన గుర్తులున్నాయి.

“ఇదెప్పుడు కట్టావు?”

అతను తాడు వైపు చూసి, తర్వాత నది వైపు చూశాడు. “సోమవారం.”

పొద్దున టోస్టు ముందు కూర్చుని అన్నన్ని మాటలన్న మనిషి! అంటే తనకీ తెలుసు. తనకీ భయమే. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకే భయాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటున్నాం.

డబ్బా తీసి అతని చేతిలో పెట్టాను. అలవాటుగా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చెయ్యి ఆగిపోయింది. మూత తీసి వేలితో లెక్కపెట్టాడు.

“నాలుగు. పట్టీ కూడా ఉంది,” అన్నాడు. “ఇవి ఎవరింటివి బెరిల్?”

“అవిస్ గారివి. నిన్న నువ్వు వెళ్ళావుగా.”

“నిన్న నేను అవిస్ ఇంటికి వెళ్ళానా?”

నా జీవితంలో ఇంతకన్నా భయమేసిన మాట వినలేదు. ఆవిడ బతికే ఉందని ముందు చెప్పి, తర్వాత మిగతాది చెప్పాను. అతను పడవ అంచు మీద కూర్చుండిపోయాడు.

“నేను తెలీదని చెప్పాను,” అన్నాను గబగబా. “పట్టీ పాతదై ఊడిపోయిందని చెబుదాం. ఆవిడకి నువ్వంటే ప్రాణం, ఏమీ అనదు. ఎవరికీ...”

“ఇంకెన్ని ఇళ్ళు?”

“ఏంటి?”

“మార్చి నుంచి. క్యాలెండరు మీద రాశావుగా. ఎన్ని ఇళ్ళకి వెళ్ళాను?”

పంతొమ్మిది. ఆ సాయంత్రం వంటింట్లో తలుపేసుకుని, నేను పేరు చదివితే అతను ఫోన్ చేశాడు. “క్లెమ్‌ని. నీ బాయిలర్ ఆపెయ్. ఇంకో మనిషి వచ్చి చూసేదాకా వెయ్యకు. అవును, చలే. దుప్పట్లు కప్పుకో.” పంతొమ్మిది సార్లూ అవే మాటలు. ఒక్కొక్కరు ఫోన్ తియ్యడానికి ఆలస్యమైతే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం. అందరూ తీశారు. పంతొమ్మిదో పేరు అయ్యాక క్లెమ్ తల బల్ల మీద ఆన్చాడు. ముందుగదిలో హిలరీ వాళ్ళకి, అవిస్ గారింట్లో బాయిలర్ పాడైందనీ ఆవిడ ఆసుపత్రిలో ఉన్నారనీ మాత్రమే తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నాం. నేను, క్లెమ్, హిలరీ, అల్లుడు అలన్, మనవరాలు పాలీ. పాలీకి తొమ్మిదేళ్ళు.

“తాతా, అరవై మూడో సంవత్సరం చలికాలం కథ చెప్పు,” అంది పాలీ, బంగాళాదుంప నములుతూ.

అది మా ఇంట్లో అందరికీ నోటికొచ్చిన కథ. క్లెమ్ చెప్పాడు. నది గడ్డకట్టడం, రొట్టెలబ్బాయి బండి వదిలేసి మంచు మీద నడిచి రావడం, మేస్త్రీ వెనకాల మంటదీపం పట్టుకుని ఇంటింటికీ తిరిగి గొట్టాల్లో గడ్డకట్టిన నీళ్ళు కరిగించడం. ఏ వీధిలో ఏ ఇల్లు, ఎవరింట్లో సూప్ ఇచ్చారు, ఎవరింట్లో తిట్టారు, ఒక్క పేరు తప్పలేదు. “పాలసీసాల మూతలు?” అని అలన్ అందించాడు. “పాలు గడ్డకట్టి వేలెడు ఎత్తున పైకి లేచాయి!” అని అందరూ ఒకేసారి అన్నారు. నేను గొంతు కలపలేకపోయాను.

కథ అయ్యాక క్లెమ్ జేబులోంచి డబ్బా తీసి గ్రేవీ గిన్నె పక్కన పెట్టాడు. పెడుతుంటే గలగలమంది. పాలీ నవ్వింది. “తాతా, నీ పని అవలేదు!”

“అవలేదమ్మా,” అన్నాడు. ఫోర్కు కింద పెట్టి, హిలరీ వైపు చూశాడు. గొంతు పెంచలేదు, ఉప్పు అందివ్వమన్నట్టే చెప్పాడు.

“అవిస్ ఇంట్లో జరిగినదానికి కారణం నేనే. ఇవి ఆవిడ స్క్రూలు. బిగించలేదు. ఆ ఇంటికి వెళ్ళిన సంగతే నాకు గుర్తులేదు. రేపు పొద్దున గ్యాసు వాళ్ళకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెబుతాను, కార్డు తిరిగి ఇచ్చేస్తాను. ఎల్లుండి మీ అమ్మ నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. పడవలో ఇక ఒక్కణ్ణీ వెళ్ళను.”